నడుము నొప్పికి హస్తచికిత్స

షోలాపురము, భివండీ మొదలగు మగ్గముల పట్టణములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో నడుము నొప్పి యెరుగని యిల్లు అరుదు. దినమంతయు మరమగ్గము ప్రక్కను నిలుచుండి, తెగిన నూలు ముడివేయుటకు వంగుచు లేచుచుండు మగవారికిని, ఒడిలో చేట నుంచుకొని గంటల తరబడి కదలక బీడీలు చుట్టు స్త్రీలకును ఈ బాధ తోడబుట్టిన దానివలె వెంటనంటి యుండును. కొందరికి అది నాలుగు దినములుండి పోవును. కొందరికి నెలలు గడచినను పోదు. తైలములు మర్దించుకొని, మాత్రలు మ్రింగి, పట్టీలు బిగించుకొని విసిగిన పిమ్మట, శస్త్రచికిత్సయన్న భయము చేతను, మరి వేరు దారి కలదా యని వెదకుట సహజము. ఇటీవల చేతిఫోనులలో ఒక దృశ్యము విరివిగా కనబడుచున్నది. రోగిని బల్లపై ప్రక్కకు పరుండబెట్టి, వైద్యుడు నడుముపై ఒక్క తోపు త్రోయును. ‘టక్కు’మని చప్పుడగును. రోగి నవ్వుచు లేచి నడచిపోవును. దానినే కైరోప్రాక్టిక్ అందురు. ఆ బల్ల నెక్కవచ్చునా, కూడదా యని తల్లిదండ్రులు తమ పిల్లలనే యడుగుచున్నారు. అట్లడుగబడిన విద్యార్థులకు పనికివచ్చునను తలంపుతో ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా నడుము నిర్మాణము తెలియవలెను. మన వెన్నెముక ఒక్క యెముక కాదు. మెడలో 7, వీపున 12, నడుమున 5 పూసలు విడివిడిగా నుండును. వాని క్రింద అయిదు పూసలు కలసిపోయి యేర్పడిన త్రికాస్థియు, చిట్టచివర తోకయెముకయు గలవు. దేహపు పై భాగపు బరువంతయు నడుములోని అయిదు పూసల మీదుగా దిగవలసినదే. కనుకనే అవి తక్కిన పూసలకంటె లావుగా నుండును. కనుకనే నొప్పియు అచ్చటనే యెక్కువ. పూసకును పూసకును నడుమ ఒక మెత్తని బిళ్ళ కలదు. దానిని డిస్క్ అని వ్యవహరింతురు. అది వెలుపల ఉల్లిపొరలవలె గట్టి నారపొరలును, లోపల జిగురువంటి గుజ్జును గలది. పెద్దవారి డిస్కులోనికి రక్తనాళములు దాదాపుగా పోవు. దానికి కావలసిన పోషణము ప్రక్కనున్న యెముకనుండి మెల్లమెల్లగా ఊరి రావలసినదే. పగలు బరువుచేత దానిలోని నీరు కొంత బయటికి పోవును. రాత్రి పరుండినప్పుడు మరల లోనికి వచ్చును. విద్యార్థులు దీనిని తామే పరీక్షించి చూడవచ్చును. ఉదయము లేచిన వెంటనే గోడకు ఆనుకొని నిలిచి తల మట్టమున గీత గీయవలెను. రాత్రి పరుండబోవునపుడు అట్లే మరల గీయవలెను. రెండవ గీత ఇంచుమించు ఒక సెంటీమీటరు క్రిందుగా నుండును.

పూసల వెనుకవైపున, ప్రతి రెండు పూసలను కలుపుచు ఇరుప్రక్కల రెండు చిన్న కీళ్ళు గలవు. ఇవి వ్రేలి కణుపులవంటి కీళ్ళే. వానిలోను జారుడు ద్రవముండును. మనము పైన చెప్పిన చప్పుడు ఈ కీళ్ళనుండియే పుట్టును. వెన్నుపాము నడుములోని మొదటి రెండు పూసల యొద్దనే ముగియును. అచ్చటినుండి నరముల కుచ్చు గుర్రపు తోకవలె క్రిందికి వ్రేలాడుచు కాళ్ళకును, మూత్రాశయమునకును పోవుచుండును. ఈ కుచ్చు సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానితో మనకు మరల పని యున్నది.

నొప్పి మూడు మాసములకు మించి నిలిచినయెడల దానిని దీర్ఘకాలిక మందురు. 2020లో ప్రపంచమున సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడుచుండిరని గణించిరి. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటునని అంచనా. వీరిలో పదింట తొమ్మిది వంతులవారికి ‘ఇదిగో, ఈ చోటనే, ఈ కారణమువలననే’ యని వ్రేలుపెట్టి చూపుటకు వీలుండదు. ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించిన సత్యము బయటపడునని అనేకులు నమ్మెదరు. చిత్రములో ఏదో యొకటి కనబడుట నిజమే. కాని 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, నొప్పి యనునది యేమాత్రమును లేనివారి చిత్రములను గూర్చిన అధ్యయనములనన్నిటిని ప్రోగుచేసి చూడగా, ఇరువది యేండ్లవారిలో నూటికి 37 మందికి, ఎనుబది యేండ్లవారిలో నూటికి 96 మందికి డిస్కులు అరిగియే కనబడెను. అనగా డిస్కు అరుగుట చాలవరకు జుట్టు నెరయుట వంటిది. ‘మీ డిస్కు చెడినది’ అను వ్రాతను చూచి భయపడి, పని మాని, మంచము పట్టినవారికి ఆ వ్రాతయే నొప్పికంటె ఎక్కువ హాని చేయును.

ఇక చికిత్స సంగతి. పూసలను చేతితో సవరించుట క్రొత్త విషయము కాదు. ఎముకల వైద్యులు ప్రతి దేశమునను ఉండిరి. మన ప్రాంతమున పుత్తూరు కట్టు ప్రసిద్ధము. అయితే అది విరిగిన యెముకలకు సంబంధించినది. నడుము పట్టినవారిని ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తన్నించుట మన పల్లెలలో పెద్దలెల్లరును ఎరిగిన ముచ్చటయే. తన్నువాడు ఏ విధముగా పుట్టెనో ఆ సంగతికిని, పట్టు విడుటకును సంబంధమేమియు లేదు గాని, చేతితోనో కాలితోనో నడుము నొక్కిన కొంత సుఖము కలుగునను అనుభవము మాత్రము ప్రాచీనమైనది.

ఆ యనుభవమును ఒక సిద్ధాంతముగా మలచి, దానికొక పేరు పెట్టి, బడి స్థాపించినవాడు డేనియల్ డేవిడ్ పామర్. అతడు 1845లో కెనడా దేశమున జన్మించెను. అమెరికాకు వచ్చి బడిపంతులుగా నుండెను, తేనెటీగలను పెంచెను, పచారీ కొట్టు నడపెను, తుదకు మిసిసిపీ నదీతీరమున అయోవా రాష్ట్రములోని డేవెన్‌పోర్టు పట్టణమున అయస్కాంత వైద్యుడుగా స్థిరపడెను. ఆతని కార్యాలయమున్న భవనమున హార్వే లిలార్డు అను నౌకరు ఊడ్చి శుభ్రము చేయుచుండెను. అతనికి చెవులు సరిగా వినబడవు. వంగి పనిచేయుచుండగా వీపులో నేదో కలుక్కుమన్నదనియు, నాటినుండి వినికిడి పోయినదనియు అతడు చెప్పెనట. పామర్ వీపు తడవి చూచి, ఎత్తుగా నున్న పూస నొకదానిని చేతితో గట్టిగా త్రోసెను. లిలార్డునకు మరల వినబడసాగెనని పామర్ ప్రకటించెను. అది 1895 సెప్టెంబరు 18వ తేది అని ఆ వృత్తివారు నేటికిని ఉత్సవము చేసికొందురు. చేయి యనియు, పని యనియు అర్థమిచ్చు రెండు గ్రీకు పదములను జోడించి, మిత్రుడైన యొక మతాచార్యుడు ఈ పద్ధతికి కైరోప్రాక్టిక్ అని నామకరణము చేసెను.

ఇచ్చట ఆలోచింపవలసిన సంగతి యొకటి కలదు. వినికిడి నరము మెదడునుండి నేరుగా చెవికి పోవును. అది వెన్నుపూసల నడుమనుండి వచ్చునది కాదు. వీపున పూసను నొక్కిన చెవుడు ఏల పోవలెనో శరీరశాస్త్రము చెప్పజాలదు. పామర్ మాత్రము వెనుకంజ వేయలేదు. పూసలు తమ స్థానమునుండి జరిగి నరములను నొక్కుటయే వ్యాధులకు మూలమనియు, నూటికి 95 రోగములకు ఇదియే కారణమనియు ఆతడు బోధించెను. 1897లో డేవెన్‌పోర్టున పాఠశాల స్థాపించెను. అనుమతిపత్రము లేక వైద్యము చేసెనను నేరముపై 1906లో చెరసాలకును పోయెను. తరువాత ఆ పాఠశాలను వృద్ధికి తెచ్చినవాడు ఆతని కుమారుడు బార్ట్‌లెట్ జాషువా పామర్. విచిత్రమేమనగా, లిలార్డు వీపుపై పామర్ చేయి వేసిన రెండు మాసములలోపుగనే జర్మనీలో రాంట్‌గెన్ ఎక్స్-రే కిరణములను కనుగొనెను. జరిగిన పూస జరిగినట్లు ఫోటోలో కనబడవలసిన కాలము వచ్చెనన్నమాట. పామర్ పాఠశాలవారు 1910లోనే ఎక్స్-రే యంత్రమును తెప్పించుకొనిరి. కాని తండ్రి చెప్పిన సిద్ధాంతమునకు ఆ కిరణములు సాక్ష్యమీయలేదు.

అమెరికా వైద్యసంఘమునకును, ఈ వృత్తివారికిని చిరకాలము వైరము సాగెను. 1913లో కాన్సాస్ రాష్ట్రము మొదటగా చట్టము చేసి అనుమతి నిచ్చెను. 1974లో లూయిసియానా చివరగా నిచ్చెను. వైద్యసంఘము తమ సభ్యులను కైరోప్రాక్టర్లతో కలసి పనిచేయనీయక బహిష్కరించుచున్నదని 1976లో చెస్టర్ విల్క్ మొదలగువారు దావా వేయగా, 1987లో న్యాయస్థానము సంఘమునకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. ఇంగ్లండులో 1994లో ప్రత్యేక చట్టము వచ్చినది. ఆ దేశములలో నేడు దీర్ఘకాలము చదివి పరీక్షలు నెగ్గినగాని ఈ పేరు పెట్టుకొనుటకు వీలులేదు. న్యాయస్థానపు తీర్పు బహిష్కారమును గూర్చినదే కాని, చికిత్స ఫలించునా లేదా యను ప్రశ్నకు సమాధానము కాదు. ఆ ప్రశ్నకు సమాధానము వేరుచోట వెదకవలెను.

బల్లపై జరుగునదేమి? మంచి కైరోప్రాక్టరు మొదటనే చేయి వేయడు. నొప్పి యెప్పుడు మొదలైనది, కాలిలోనికి దిగుచున్నదా, తిమ్మిరి కలదా, జ్వరము, బరువు తగ్గుట మొదలగు చిహ్నములు గలవా యని విచారించును. మోకాలి, మడమల యొద్ద సుత్తితో తట్టి చూచును. కాలి బొటనవ్రేలి బలమును పరీక్షించును. తరువాత రోగిని ప్రక్కకు పరుండబెట్టి, పైకాలు మడిపించి, భుజమును వెనుకకును తుంటిని ముందునకును మెల్లగా త్రిప్పును. కీలు సాధారణముగా తిరుగు హద్దునకు వచ్చినపుడు, అరచేతితో వేగముగా, అయితే కొద్ది దూరము మాత్రమే, ఒక త్రోపు ఇచ్చును. కన్ను మూసి తెరచునంతలో పని ముగియును. కొందరు ఈ త్రోపునకు బదులుగా, మధ్యకు విరుగునట్టి బల్లపై రోగిని బోర్ల పరుండబెట్టి నడుమును మెల్లమెల్లగా సాగదీయుదురు. వృద్ధులకును, త్రోపునకు భయపడువారికిని ఇది యనుకూలము.

చప్పుడు మాట. కీలు లోపలి రెండు తలములు చటుక్కున దూరమైనప్పుడు, మధ్యనున్న ద్రవములో పీడనము తగ్గి, వాయుకుహర మొకటి ఏర్పడును. సోడాబుడ్డి మూత తీసినపుడు బుడగలు పుట్టుటను పోలిన సంగతి. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు వ్రేళ్ళ కణుపులను లాగుచు, అదే సమయమున ఎం.ఆర్.ఐ. చిత్రములు తీసి, చప్పుడైన క్షణముననే ఆ కుహరము పుట్టుటను కన్నులార చూపించిరి. కావున ఆ చప్పుడు పూస తన స్థానమున వచ్చి పడిన ధ్వని కాదు. చప్పుడైనంతమాత్రమున నయమైనట్లును కాదు. కాకున్న చికిత్స చెడినట్లును కాదు. ఒక్కొక్కప్పుడు వైద్యుడు గురిపెట్టిన కీలు ఊరకుండ, దాని ప్రక్క కీలు పలుకును.

మరి పూస నిజముగా జరుగునా? స్వీడన్ దేశమున 1998లో ప్రకటింపబడిన ప్రయోగ మొకటి ఈ విషయమున మిక్కిలి విలువైనది. నడుము క్రిందనున్న త్రికాస్థి కీలు జరిగినదని వైద్యులు నిర్ణయించిన పదిమంది రోగుల యెముకలలో సన్నని లోహపు గుండ్లను అమర్చి, చికిత్సకు ముందును పిమ్మటను ఎక్స్-రేలతో మిక్కిలి సూక్ష్మముగా కొలిచిరి. చేతితో తడవి చూచిన పరీక్షకులకు కీలు సర్దుకొన్నట్లే తోచెను. కొలతలో మాత్రము ఎముక తన చోటినుండి కదలనే లేదు. చికిత్స పొందినవారికి సుఖము కలుగుట అబద్ధము కాదు. ఆ సుఖమునకు చెప్పుచున్న కారణము నిలువదు. త్రోపువలన కీలు చుట్టునున్న కండరములు ఒక్కసారి సాగి, బిగువు వదలును. అచ్చటి నరములనుండి మెదడునకు పోవు వార్తలు మారి, కొంతసేపు నొప్పి యడగును. కదలుటకు జంకుచున్న రోగికి ధైర్యము కలుగును. చికిత్సకుని మాటలోను, స్పర్శలోను గల నమ్మికయు కొంత పనిచేయును. ఇవి పూస జరుపుటవలె గొప్పగా వినబడకపోవచ్చును గాని, నెలల తరబడి వంగుటకు భయపడి బిగిసిపోయిన నడుమునకు ఇవి తక్కువ మేలు కాదు. ‘మీ పూస జారినది, నెలకొకసారి వచ్చి సరిచేయించుకొనవలెను’ అను మాట మాత్రము శాస్త్రమునకు విరుద్ధము. అది జీవితాంతము రోగిని ఆ బల్లకు కట్టివేయు మాట.

ఎంత మేలు కలుగునో కొలిచినవారున్నారు. 2004లో బ్రిటనులో 1334 మంది రోగులపై జరిగిన పరీక్షలో, మామూలు వైద్యముతోపాటు హస్తచికిత్సయు వ్యాయామమును కూడ పొందినవారు, మూడు నెలలకు తక్కినవారికంటె కొంత మెరుగుగా నుండిరి. ఏడాది గడచుసరికి ఆ భేదము స్వల్పమయ్యెను. 2019లో దీర్ఘకాలిక నొప్పిని గూర్చిన 47 పరీక్షలను, అనగా 9211 మంది రోగుల ఫలితములను, ప్రోగుచేసి చూడగా, వ్యాయామము మొదలగు సమ్మతింపబడిన చికిత్సలతో హస్తచికిత్స ఇంచుమించు సమానముగానే యుండెను. ప్రపంచారోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకములను ప్రకటించినది. వ్యాయామము, రోగికి విషయబోధ, మర్దనము వీనితోపాటు వెన్నెముకకు హస్తచికిత్సయు అందు చోటు సంపాదించుకొన్నది. నడుము పట్టీలును, బరువులు కట్టి లాగుటయు నిత్యచికిత్సగా వలదని ఆ సంస్థయే చెప్పినది. మన యూళ్ళలో నడుము నొప్పి యనగానే మొదట కొనునది పట్టీయే! హస్తచికిత్సను వ్యాయామముతో జోడించినగాని ఒంటరిగా చేయరాదని బ్రిటనులోని ప్రభుత్వ వైద్యప్రమాణముల సంస్థ 2016లోనే సూచించినది. నా దృష్టిలో ఈ సూచనయే ఎక్కువ వివేకవంతమైనది. బల్లపై పరుండు పది నిమిషములు వైద్యునివి. దినములో తక్కిన కాలము రోగిది.

శస్త్రచికిత్స లేకుండ నయము చేయుదుమని చెప్పుకొనుట ఈ వృత్తికి గొప్ప ఆకర్షణ. అసలు దీర్ఘకాలిక నడుము నొప్పిలో శస్త్రమవసరమగువారు కొలదిమందియే. డిస్కు గుజ్జు వెలికి వచ్చి నరమును నొక్కునని 1934లో అమెరికా వైద్యులైన మిక్స్‌టర్, బార్ అనువారు వెల్లడించిన పిమ్మట శస్త్రచికిత్సలు విరివిగా పెరిగినవి. అట్లు వెలికి వచ్చిన గుజ్జు చాలమందిలో కొన్ని మాసములలో తనంత తానే కుంచించుకొనిపోవునని తరువాత తెలియవచ్చినది. కాబట్టి కత్తి లేకుండ నయమగుట ఏ యొక్క పద్ధతికిని చెందిన ఘనత కాదు. చాలవరకు అది దేహము స్వభావము.

ఇంతవరకు చెప్పినది సామాన్యమైన నొప్పిని గూర్చి. ఇక చేయి వేయనే కూడని నడుములు కొన్ని గలవు. ఈ భాగమును ఇంటనున్న పెద్దలకు చదివి వినిపింపవలెనని కోరుచున్నాను. మన దేశమున క్షయ ఊపిరితిత్తులకే గాక వెన్నుపూసలకును పట్టును. సాయంకాలపు జ్వరము, ఆకలి లేమి, బరువు తగ్గుట, రాత్రులందు ఎక్కువగు నొప్పి, వీపున ఒకచోట గూను లేచుట దాని గుర్తులు. క్షయ తినివేసిన పూసపై త్రోపు పడినచో అది కూలి, కాళ్ళు పడిపోవచ్చును. మందులతో నయము కాగల వ్యాధి యది. పూర్వము పుట్టకురుపు వచ్చినవారు, పడి దెబ్బ తగిలినవారు, ఎముకలు గుల్లబారిన వృద్ధస్త్రీలు, రక్తము పలుచబరచు మందులు వాడువారు ముందుగా వైద్యుని చూడక ఈ బల్ల నెక్కరాదు. ఇంతకుముందు చెప్పిన గుర్రపుతోక వంటి నరముల కుచ్చు నలిగినపుడు కూర్చుండు భాగమంతయు మొద్దుబారును. మూత్రము బిగియును, లేక తెలియకయే జారును. రెండు కాళ్ళు బలహీనమగును. అట్టివారిని గంటలలో పెద్ద ఆసుపత్రికి చేర్చి శస్త్రచికిత్స చేయింపవలెను. రేపు చూతమన్న, ఆ నష్టము జన్మమంతయు నిలిచిపోవచ్చును.

నడుముపై త్రోపువలన పెక్కుమందికి ఒకటి రెండు దినములు ఒళ్ళునొప్పులు మాత్రము కలుగును. తీవ్రమైన కీడు అరుదు. మెడ సంగతి వేరు. మెడపూసల రంధ్రములగుండ మెదడునకు రక్తము గొనిపోవు నాళములు సాగుచున్నవి. మెడను చటుక్కున త్రిప్పినపుడు ఆ నాళపు గోడ చిరిగి పక్షవాతము వచ్చిన ఉదాహరణములు, అరుదుగనైనను, వైద్యగ్రంథములకెక్కినవి. క్షౌరశాలలో తలమర్దనము ముగించి, అడుగకయే మెడను అటునొకసారి ఇటునొకసారి విరుచుట మన దేశమంతట నున్న అలవాటు. దానిని వలదని చెప్పుటకు మొగమాటపడనక్కరలేదు.

భారతదేశమున కైరోప్రాక్టిక్‌నకు ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. కనుక ఆ పేరు గల పలక వ్రేలాడదీసినవారిలో విదేశములలో సంవత్సరముల తరబడి చదివినవారును, కొద్ది దినముల తరగతులకు పోయి వచ్చినవారును గూడ నుందురు. ఎచ్చట చదివితిరి, ఎన్ని సంవత్సరములు చదివితిరి యని యడుగుట అవమర్యాద కాదు. పరీక్ష చేయకయే చేయి వేయువానిని, ఇరువది ముప్పది పర్యాయములకు ముందుగనే రుసుము కట్టించుకొనువానిని, మధుమేహము, ఉబ్బసము కూడ పూసలను సరిచేసి పోగొట్టుదుననువానిని విడిచిపెట్టవలెను. నాలుగారు వారములలో మార్పు కనబడనిచో ఆ చికిత్సను ఆపి, వైద్యుని మరల సంప్రదింపవలెను.

ఫిజియోథెరపీ చదివినవారును ఇట్టి హస్తచికిత్సను నేర్చియుందురు. వారి వృత్తి 2021 నాటి కేంద్ర చట్టము పరిధిలోనికి వచ్చినది. పెద్ద ప్రభుత్వాసుపత్రులలో వారి విభాగముండును, ఖర్చు స్వల్పము. వెల్లకిల పరుండి మోకాళ్ళు మడచి నడుమును పైకెత్తి నిలుపుట, ఒక్కొక్క మోకాలిని రొమ్మునకు తెచ్చుకొనుట, చేతులపైన మోకాళ్ళపైన వంగి ఎదురుచేతిని ఎదురుకాలిని చాచుట, దినమున అరగంట నడచుట మొదలగునవి అచ్చట నేర్పుదురు. వంగి బీడీలు చుట్టువారు అరగంట కొకసారి చేటను ప్రక్కన పెట్టి లేచి నాలుగడుగులు వేయుటకును, ఒక పూట గోడకు ఆనుకొనియు, ఒక పూట ఎత్తుపీటపై కూర్చుండియు పని చేయుటకును డబ్బు పని లేదు. అయితే వేయి బీడీలకు లెక్కగట్టి కూలి యిచ్చు చోట, ఆ లేచిన నిమిషములు కూలిలో తగ్గును. ఇంటిలోని పిల్లలు ఆకు కత్తిరించియో, కట్టలు కట్టియో ఆ కొద్ది లోటును పూడ్చుచున్న యిండ్లు ఇప్పటికే కొన్ని గలవు. చదువునకు కేటాయించిన వేళను ముట్టకుండ అది జరుగునట్లు చూచుకొనవలసినది మాత్రము పెద్దలే.